తూర్పున లిఫ్టు, పడమర క్యాంటీను

మా అక్క వంటిల్లు తేలిపోయిన వరద తర్వాత నాలుగో ఏట ప్రభుత్వం వారు మమ్మల్ని ప్రాచీనులుగా గుర్తించారు. అంతకు ముందు మేం ఆక్రమణదారులం. మా ఇళ్ళు మారలేదు, మేమూ మారలేదు. వాళ్ళ కాగితం మారింది.

ఈ గుర్తింపు మా మీద ప్రేమ వల్ల వచ్చింది కాదు, మా కింద ఉన్న చమురు వల్ల వచ్చింది. మా చిత్తడి నేలలో చమురు కంపెనీ అప్పటికే నాలుగు బావులు దింపింది. తుంగ మాడిపోయింది. నీటి మీద నెమలికంఠం రంగులు తేలేవి. చూడ్డానికి కన్నులపండుగే, గేదెలు మాత్రం మూతి పెట్టేవి కావు. కొంగలు ఏటా చెప్పకుండానే వెళ్ళి చెప్పకుండానే వచ్చేవి. ఆ ఏడు వెళ్ళడం వరకే చేశాయి. మంచినీళ్ళున్న పాయ ఒక్కటే మిగిలింది, అక్క ఇంటి వెనకది. అక్క గేదెలు మూడూ బతికేది ఆ నీళ్ళతో, అక్క బతికేది అందులో పెరిగే తుంగతో అల్లిన చాపలతో. అయిదో బావికి రోడ్డు వెయ్యాలని ఆ పాయ పొడుగునా కంపెనీ ఎర్రజెండాలు పాతింది. ఇక పూడ్చడమే తరువాయి.

చట్టం ఒకటి అడ్డొచ్చింది. చిత్తడిలో కొత్త బావి తవ్వాలంటే ముందు అందులో ప్రాచీనులున్న ముక్క ఒక్కటైనా రక్షిత ప్రాంతంగా ప్రకటించాలట. అందుకు ఒక కమిటీ వస్తుందట. కమిటీ అధ్యక్షుడు స్వయంగా ఏ నీళ్ళలో కాలు పెడితే ఆ నీళ్ళకే రక్షణట.

"అయితే ఆయన కాలు మన పాయలో పడితే చాలు. నేనే చెయ్యి పట్టుకుని దింపుతా" అంది అక్క.

మా ఇంట్లో పుట్టిన మాటలన్నీ అక్కే వాడేసుకుంది. నా వాటాకు తలూపడం వచ్చింది. ఊపాను.

కమిటీ రాక ముందు కంపెనీ మేనేజరు మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, మీ సంస్కృతిని కాపాడాలని కంపెనీ నిశ్చయించింది" అన్నాడు.

"ఎవర్నుంచి నాయనా?" అంది అక్క.

ఆయనకు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక సంగతి చెప్పాడు. ఆఫీసు కింది హాల్లో ఒక చిన్న చిత్తడి కట్టించారట. కమిటీ పెద్దాయన పడవెక్కే ముందు పరిచయంగా ఉంటుందట. మేం అక్కడ కూర్చుని ప్రాచీనంగా కనిపించాలట.

వెళ్ళి చూశాం. నీలం పలకలు పరిచిన తొట్టి. చుట్టూ ప్లాస్టిక్ తుంగ, వారానికోసారి తుడవడానికి మనిషి. ఒంటికాలి మీద సిమెంటు కొంగ. ఒంటికాలి మీద ఎందుకంటే రెండోది చెయ్యలేదు. గోడలో స్పీకరు పెట్టి పిట్టల కూతలు వినిపిస్తున్నారు. కుళాయి నీళ్ళు మందువాసన వేస్తున్నాయని నీళ్ళు మాత్రం మా పాయ నుంచే ట్యాంకరులో తెప్పించారు.

కమిటీ వచ్చిన రోజు నన్ను తొట్టిలోని పడవలో కూర్చోబెట్టారు. అక్క చేతికి ప్లాస్టిక్ పీచు ఇచ్చి చాప అల్లమన్నారు.

"తాతా, నువ్వు ఏమీ మాట్లాడకూడదు" అన్నాడు మేనేజరు.

"ఆ పనికి ఇంతకంటే మంచి మనిషి మీకు దొరకడు" అంది అక్క.

అధ్యక్షులవారు తెల్లబూట్లతో వచ్చారు. వెనకే నిబంధనల పుస్తకంతో ఆయన గుమాస్తా. ఉదయం వాన పడింది. పడవల రేవు దాకా మోకాలి లోతు బురద. పెద్దాయన అద్దాల తలుపులోంచి బురదను చూశారు, వంగి బూట్లను చూసుకున్నారు, తర్వాత తొట్టిని చూశారు.

"ఇవేం నీళ్ళు?"

"అచ్చంగా చిత్తడి నీళ్ళేనండి" అన్నాడు మేనేజరు.

గుమాస్తా పుస్తకం తిరగేశాడు. "నీళ్ళు చిత్తడివైతే చాలండి. అవి ఎక్కడుండాలన్నది నిబంధనలో లేదు."

అధ్యక్షులవారు కుడికాలి బూటు విప్పారు. అక్క చాప పడేసి లేచింది.

"అయ్యా, అసలు చిత్తడి బయటుంది. మా పాయ ఇక్కడికి దగ్గరే. నేను తీసుకెళ్తాను, రండి."

"చూస్తూనే ఉన్నానమ్మా. ఎంత సహజంగా ఉంది" అని ఆయన కాలు పెట్టేశారు. "చల్లగా కూడా ఉంది."

అందరూ చప్పట్లు కొట్టారు. గుమాస్తా అక్కడికక్కడే ఉత్తర్వు రాసి చదివాడు. రక్షిత ప్రాంతానికి హద్దులు: తూర్పున లిఫ్టు, పడమర క్యాంటీను, ఉత్తరాన మేనేజరు గది, దక్షిణాన మరుగుదొడ్లు. ఇందులో చెట్టు కొట్టరాదు, పిట్టను పట్టరాదు. దీని చుట్టూ ఉన్న ఆవరణలో కూడా లారీల వంటి బండ్ల ఇంజన్లు నడపరాదు. ప్రాచీనులు ఎప్పటిలాగే పశువుల్ని తోలుకోవచ్చు, ఎవరూ ఆపరాదు. ఒక్కో వాక్యానికీ మేనేజరు గట్టిగా చప్పట్లు కొట్టాడు. వినడానికి అంత పవిత్రంగా ఉంది మరి.

పెద్దాయన ఆ రాత్రి బసకు మేడమీది గదికి వెళ్ళగానే మేనేజరు కాంట్రాక్టరును పిలిచాడు. "రక్షించాల్సింది రక్షించేశాం. ఇంక బయటిదంతా మామూలు నేలే. రేపు పొద్దున్నే పాయలో మట్టి పొయ్యండి."

దారిలో అక్క నోరు విప్పలేదు. నాకు భయం వేసింది. ఇల్లు కనబడుతుండగా ఆగింది.

"పశువుల గురించి ఆ గుమాస్తా ఏం చదివాడురా?"

"తోలుకోవచ్చు. ఎవరూ ఆపరాదు."

"ఎవరూ?"

"ఎవరూ."

మర్నాడు పొద్దున్నే ఆఫీసు ఆవరణలో మట్టి లారీలు బయలుదేరబోతున్నాయి. గుమాస్తా క్యాంటీను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంజన్లు ఆపండయ్యా, ఇది రక్షిత ప్రాంతం ఆవరణ" అని మళ్ళీ టీ తాగడంలో పడ్డాడు. డ్రైవర్లు మొహాలు చూసుకుని దిగిపోయారు. గేటు కాపలావాడు అక్కను చూశాడు, నా కర్రను చూశాడు, నా ముందున్న గేదెల్ని చూశాడు, గోడకు అంటించిన ఉత్తర్వు చూశాడు. హాలు అద్దాల తలుపు తీసి పట్టుకున్నాడు.

మొదటిది తిన్నగా వెళ్ళి తొట్టిలో పడుకుంది. నీళ్ళు లిఫ్టు దాకా పారాయి. రెండోది ప్లాస్టిక్ తుంగ నమిలి, ఉమ్మేసి, సోఫా వైపు నడిచింది. మేనేజరు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటమ్మా ఈ అన్యాయం? ఇది చిత్తడా? ప్లాస్టిక్కమ్మా ఇది! అసలు చిత్తడి బయటుంది కదా!"

మెట్ల మీద తెల్లబూట్లు ఆగాయి.

"నిన్న నేనూ అదే చెప్పాను నాయనా" అంది అక్క. "ఇప్పుడన్న మాటే మెట్ల మీదున్న ఆ పెద్దాయనకు వినపడేలా ఇంకోసారి అను. గేదెల్ని తోలుకుని వెళ్ళిపోతాం."

మేనేజరు పైకి చూశాడు. ఆవరణలో ఆగిన లారీల వైపు చూశాడు. ఆ మాట అంటే ఉత్తర్వు పోతుంది, అనకపోతే గేదెలు పోవు.

నేను మూడో గేదెను కూడా లోపలికి తోలాను.