మంచు సెలవు, మంచి నాన్న

పిల్లల భద్రతే తమకు ప్రాణమని ప్రకటిస్తూ, సరస్సు ఒడ్డునున్న మా ఊరి బడుల సూపరింటెండెంటు గారు ఆ తెల్లవారుజామున ఇంటింటికీ ఫోను సందేశం పంపారు. మంచు దండిగా కురిసినందున బడులు కాస్త ఆలస్యంగా తెరుస్తారట. తల్లిదండ్రులు కిందా మీదా పడి అందుకు తగ్గ ఏర్పాట్లు చేసుకున్నాక, బడులు అసలు తెరవడమే లేదని ఇంకో సందేశం పంపారు. రోడ్లు ప్రమాదకరంగా ఉన్నందున పిల్లలు ఇల్లు కదలరాదు. ఆఫీసులు మాత్రం యథావిధిగా పని చేస్తాయి. పెద్దవాళ్లు ఎక్కగానే అవే రోడ్లు సురక్షితమైపోతాయని ఇక్కడ చిరకాలంగా ఒక నమ్మకం. మరి ఆ పిల్లలు ఇళ్లలో ఎవరి దగ్గర ఉంటారన్నది సూపరింటెండెంటు గారి శాఖ పరిధిలోకి రాదు.

రెండో సందేశం చదివిన బ్రిజెట్ నొవాక్, ఐదేళ్ల కూతురు మేబెల్ దిండు కింద చెయ్యి పెట్టి చూసింది. చెంచా తగిలింది. దిండు కింద చెంచా పెట్టుకుని, పైజామా తిరగేసి తొడుక్కుని పడుకుంటే తెల్లారేసరికి మంచు సెలవు వస్తుందన్నది ఇక్కడి పిల్లలందరికీ తెలిసిన శాస్త్రం.

"రాత్రి తీసేశాను కదే?"

"నువ్వు తీశాక ఇంకోటి పెట్టానమ్మా."

"నీ పుణ్యమా అని ఇవాళ నా కొంప మునిగేట్టుంది తల్లీ."

మునిగే కొంప సామాన్యమైనది కాదు. బ్రిజెట్, ఆమె భర్త కర్ట్ ఒకే కంపెనీలో పని చేస్తారు. పిల్లలను కారులో కూర్చోబెట్టి కట్టే బుల్లి సీట్లు తయారుచేసే ఘనమైన సంస్థ అది. గుమ్మం మీద 'మాకు ముందు బిడ్డ, తర్వాతే ఏదైనా' అని బంగారు అక్షరాలు. గోడల నిండా బోసినవ్వుల పాపాయిల పటాలు. ప్రాణమున్న పిల్లలకు మాత్రం లోపలికి ప్రవేశం లేదు. వాళ్లొస్తే పని చెడుతుందట. అక్కడి భద్రతా విభాగానికి అధిపతి లేడు. ఏళ్ల తరబడి ఆ విభాగాన్ని మోస్తున్నది బ్రిజెట్టే కాబట్టి, మోస్తున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టవచ్చా అన్న జటిలమైన ప్రశ్నను ఆ ఉదయమే తేల్చబోతున్నారు. ఆ మీటింగులోనే, సీటు బెల్టుకు పెట్టిన కొత్త క్లిప్పును పిల్లలు ఇట్టే ఊడదీస్తారని, వెంటనే అమ్మకాలు ఆపాలని ఆమె పెద్దల ముందు నిరూపించాలి.

పిల్లను చూసే ఆయాకు ఫోను చేసింది. ఆయాకూ బడికెళ్లే పిల్లలున్నారు. ఇక మిగిలింది మొగుడు.

"ఈ పూటకి దాన్ని నువ్వు చూడు కర్ట్. నాకిది చావో రేవో."

"చూద్దును గానీ, పొద్దున నాకూ మీటింగుంది. ఆఫీసులో కాఫీ మిషను మార్చాలా వద్దా అని. నేను లేకపోతే ఆగిపోతుంది."

"ఆగితే ఏం?"

"కాఫీ ఆగిపోతుంది," అన్నాడు కర్ట్ గంభీరంగా.

కాఫీ కంటే పదవి గొప్పది కాదు కనుక, పొద్దున పిల్ల తల్లి దగ్గర, మధ్యాహ్నం తండ్రి దగ్గర అని ఒప్పందం కుదిరింది.

ఆ రోజు ఆఫీసు నిశ్శబ్దంగా, క్రమశిక్షణతో కళకళలాడింది. కోట్లు తగిలించే కొయ్యల కింద, కోట్ల వెనక నుంచి చిన్న చిన్న బూట్లు కనిపించాయి. కాగితాల అలమర తుమ్మింది. ఎవరో అలవాటు కొద్దీ "చిరంజీవ" అని, వెంటనే నాలిక్కరుచుకున్నారు. ఎవరి పిల్లను వారు దాచుకుని, ఎదుటివారి పిల్లను చూడనట్టు నటించడం అక్కడ మర్యాద.

మేబెల్ మీటింగు గది బల్ల కింద బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. పైన పెద్ద అధికారి విట్లాక్ గారు బ్రిజెట్ మాటలు సాంతం విని చిరునవ్వు నవ్వారు.

"చూడమ్మా బ్రిజెట్, ఆ క్లిప్పును ఇంజినీర్లు పరీక్షించారు. ఒక్కరు కూడా తీయలేకపోయారు. ఇంక పిల్లలేం తీస్తారు?"

"ఇలా," అంది బల్ల కింద నుంచి వచ్చిన మేబెల్. అక్కడున్న నమూనా సీటెక్కి కూర్చుని, బెల్టు పెట్టుకుని, టక్కున ఊడదీసింది.

విట్లాక్ గారు క్లిప్పు వంక చూడలేదు.

"ఈ పిల్ల ఎవరిది?"

"నాదేనండి. ఇవాళ బడి లేదు."

"నీ తెలివిని మేం ఏనాడూ శంకించలేదమ్మా. కానీ పదవికి అంకితభావం కావాలి. ఇంట్లో ఒక్క పిల్లకు ఏర్పాటు చేసుకోలేని మనిషి, రేపు విభాగానికేం చేస్తుంది?"

సమయాభావం వల్ల క్లిప్పు విషయం చర్చకు రాలేదు.

మధ్యాహ్నం కర్ట్ కూతురిని భుజం మీదకెత్తుకుని వరండా వెంట నడిచాడు. పాప చేతులకు రెండు రకాల గ్లౌజులు, మూతికి చాక్లెట్టు. మధ్యాహ్నం భోజనం కూడా అదే. ఒక చేత్తో పిల్ల, మరో చేత్తో ఫైలు. ఆ దృశ్యానికి ఎవరి మనసు కరగదు చెప్పండి? లెక్కల విభాగంవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒకావిడ ఫొటో తీసింది. విట్లాక్ గారు స్వయంగా ఎదురొచ్చారు.

"బంగారంలాంటి తండ్రివయ్యా. ఇంత పనిలోనూ పిల్లను వదల్లేదు."

విసుగెత్తిన మేబెల్ వరండాలోని ప్రదర్శన సీట్లోకి దూరి క్లిప్పును మళ్లీ టక్కుమనిపించింది. విట్లాక్ గారు అదిరిపడ్డారు.

"చూశారా! సొంత కూతురి మీదే పరీక్ష చేసి చూపించాడు. అంకితభావమంటే ఇదీ."

సాయంత్రంలోగా ఆ సీట్ల అమ్మకాలు ఆగిపోయాయి. ఎందరో పిల్లల ప్రాణాలు నిలిచాయి. భద్రతా విభాగానికి కర్ట్ అధిపతి అయ్యాడు. బ్రిజెట్ ఇకమీదట తన నివేదికలు ఆయనకు సమర్పించుకోవాలి.

ఇంటిదారిలో కారు బ్రిజెట్టే నడిపింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"నేనేం చేశాను బ్రిజెట్? ఎత్తుకున్నానంతే," అన్నాడు కర్ట్. పాపం, నిజంగానే అన్నాడు.

"అవును. అంతే."

"అమ్మా, పొద్దున నేను క్లిప్పు తీస్తే ఎవరూ మెచ్చుకోలేదేం?" వెనక సీట్లోంచి మేబెల్ అడిగింది.

"పొద్దున నువ్వు నా కూతురివి తల్లీ. మధ్యాహ్నానికి నాన్న కూతురివయ్యావు."

నెల తిరక్కుండానే కంపెనీ మరో ముందడుగు వేసింది. 'ఉద్యోగం, పిల్లలు: రెండింటినీ సమన్వయించడం ఎలా' అన్న అంశం మీద కర్ట్ గారి ఉపన్యాసం ఏర్పాటు చేసింది. ఉద్యోగినులైన తల్లులు విధిగా హాజరు కావాలి. ముందురోజు రాత్రి మేబెల్ దిండు కింద చెంచా పెట్టుకుంది. బ్రిజెట్ ఈసారి తీయలేదు.

తెల్లారేసరికి మంచు నడుముల్లోతు పడింది. బడులు మూశారు.

"బ్రిజెట్, ఇవాళ నువ్వే ఉండవూ ఇంట్లో? సమన్వయం మీద నా ఉపన్యాసం కదా," అంటూ కర్ట్ టై బిగించుకుని వెళ్లాడు.

ఉపన్యాసం దిగ్విజయంగా జరిగింది. బ్రిజెట్ గైర్హాజరు, సమన్వయం పట్ల ఆమెకున్న నిరాసక్తతగా నమోదైంది. ఆ మాటకొస్తే, కర్ట్ పిల్లను ఎత్తుకుని వరండాలో నడిచినప్పుడు మీకూ ముచ్చటేసింది కదూ? ఉదయమంతా అదే పిల్ల బల్ల కింద ఉన్నప్పుడు మాత్రం, ఈవిడ ఇంకేదైనా ఏర్పాటు చేసుకోవాల్సింది అనుకున్నారు. మీలాంటివారు ఉన్నంతకాలం ఆ కంపెనీ చల్లగా ఉంటుంది.