గురగురకు బొగ్గు గది

ఆ రోజు పొద్దున కైలాసం పెట్టుకున్న పని ఒక్కటే. బెల్లంపల్లి కార్మికుల క్లబ్బు రేడియోలో గురగుర ఎక్కణ్ణుంచి వస్తుందో తేల్చాలి. క్లబ్బు పెద్ద హనుమండ్లు నిన్ననే గట్టిగా చెప్పిపోయాడు.

"ఎన్నిసార్లు ఇప్పినవ్ కైలాసం? మాపటీలి దాక తేలకుంటె రేడియోను కరీంనగర్ పంపుతం. ఇగ నీ దుకాణం దిక్కు ఎవ్వడు సూడడు!"

పేరు పోయాక రేడియో మెకానిక్కుకు మిగిలేవి పాత స్క్రూలే కదా! అందుకే పుస్తకంలో చదివిన ఉపాయం పట్టుకున్నాడు. దుకాణం వెనక గదికి అన్ని వైపులా తీగజాలి చుడితే బయటి కరెంటు అలలు లోపలికి రావు. లోపల బొగ్గుపొడి పూసిన గోనెసంచులు కడితే లోపలి అలలు గోడకు కొట్టుకుని తిరిగిరావు. అక్కడా గురగురమంటే తప్పు రేడియోది, లేకుంటే బయటిది.

బెల్లంపల్లిలో బొగ్గుకు కొదవా? తక్కువైంది జాలి. చివరికి కోళ్లగూడు విప్పాడు.

"నా కోళ్లు బజార్ల వడ్డయి! ఏం పోయేకాలమొచ్చిందయ్యా నీకు?" అంటూ భార్య సరోజన కట్టె పట్టుకుని వచ్చింది. మసి మొహంతో జాలి మధ్య కూర్చున్న మొగుణ్ణి చూసి కట్టె అక్కడే పడేసింది. "ఓ యవ్వో! మంత్రాలు వెట్టవట్టిండు!"

ఇంకేముంది, వాడకట్టంతా వచ్చింది. ఒకరిద్దరు నిమ్మకాయలు కూడా తెచ్చారు.

హనుమండ్లు జనాన్ని తోసుకుని లోపలికి వచ్చాడు. కైలాసం తలుపు మూసి, సెల్లులతో నడిచే ఆ క్లబ్బు రేడియో తిప్పాడు. గురగుర లేదు.

"సూసినవా అన్నా? రేడియో మంచిదే."

"ఏం మంచిదిరా? పాట సుత పాయె! సంపినవ్ గదా!"

"పాట గూడ బయటనే ఉంటది గదనే!"

బయటికి తెచ్చాడు. పాట వచ్చింది, గురగుర కూడా వచ్చింది. కైలాసం ఎదురుగా ఉన్న అంబదాస్ పిండిగిర్ని ఆపించాడు. పాట తేటగా వినిపించింది. మంత్రాలు చూద్దామని వచ్చిన జనం అంబదాస్ మీద పడ్డారు.

"గిర్ని బంద్ జేస్తె రొట్టెలేం జేస్కుంటరు?" అని అంబదాస్ మొత్తుకున్నాడు.

"అరే, ఫికరెందుకు?" అన్నాడు హనుమండ్లు. "లోపటికి రానియ్యని గది బయటికి మాత్రం పోనిస్తదా? గిర్నినే అండ్ల పెట్టుండ్రి!"

తన గదిని మెచ్చుకున్నందుకు పొంగిపోయిన కైలాసం తనే ముందుండి మోయించాడు. గురగుర తీగ వెంట బయటికి పాకకుండా కండెన్సరు కూడా తగిలించాడు. ఆ సాయంత్రం క్లబ్బులో, ఇంటింటా పాటలే. "మెకానిక్ అంటె కైలాసమే!" అన్నారు అందరూ.

మరునాడు దుకాణానికి ఎవరూ రాలేదు. ఆ మరునాడూ అంతే. ఇన్నాళ్లూ తన దుకాణాన్ని నడిపింది ఆ గురగురేనని కైలాసానికి అప్పుడు తట్టింది. అయ్యో పాపం, తన కూటికుండను తనే పగలగొట్టుకున్నాడు!

అంతలో పిండిలో బొగ్గు పడుతోందని ఆడవాళ్లు గొడవకు దిగారు. అంబదాస్ జల్లెడ పట్టే మనిషి కోసం వెతికాడు. ఖాళీగా ఉన్నవాడు ఒక్కడే దొరికాడు.

పేరుకైతే ఏ లోటూ రాలేదు. జల్లెడ పడుతున్నా అందరూ రేడియో కైలాసమనే పిలుస్తారు.