గాలి పోని సూటు

ఆ ఉదయం అత్తగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. అల్లుడికి ఓ సూటు ఎంచిపెట్టి, వంటవేళకి ఇల్లు చేరాలి. అల్లుడు నీళ్ళలో మునిగి పనిచేసే మనిషి. మర్నాడు వణికించే చల్లటి సరస్సులో రక్షణ దళంవాళ్ళు అతనికి పరీక్ష పెడుతున్నారు. ఎవరి డ్రై సూటు వాళ్ళే తెచ్చుకోవాలి, లేదంటే ఉద్యోగం మాట మరచిపోవాలి. డ్రై సూటంటే మరేం లేదు, ఒంటికి చుక్క నీరు తగలనివ్వని తొడుగు. కొత్తదాని ధర వింటే మాత్రం నీళ్ళలో దిగకుండానే వణుకు పుడుతుంది. అందుకని పాత సామాన్ల కొట్టుకి వెళ్ళారు.

"ఇందులో ఇద్దరల్లుళ్ళు పడతారు కదయ్యా!" అంది అత్తగారు, ఓ నల్ల సూటుని దులిపి చూస్తూ.

"లోపల ఉన్నిబట్టలు వేసుకోవాలత్తయ్యా. వదులుగానే ఉండాలి."

"చవగ్గా ఇస్తున్నాడంటే ఎక్కడో చిల్లుంటుంది. బట్టల సంగతి నాకొదిలెయ్." కొట్టువాడి వైపు తిరిగింది. "సాయంత్రం దాకా పరీక్ష చేస్తాం. చిల్లుందో, తెచ్చి నీ మొహాన కొడతా!"

ఇంటికొచ్చి, గాలి బయటికి పోకుండా సూటు చేతుల్లో సీసాలు, మెడలో బంతి దూర్చి, పంపుతో గాలి కొట్టారు. విందు తిన్నవాడి పొట్టలా ఉబ్బింది. బంతి జారకుండా అత్తగారు తడి తువ్వాలు చుట్టింది. పెరట్లో పడుకోబెట్టి సబ్బునీళ్ళు పూశారు. చిల్లున్న చోట బుడగలు రావాలి మరి. సగంలో సబ్బు అయిపోయి అల్లుడు అంగడికి పరుగెత్తాడు.

అత్తగారా, చిల్లుందని నమ్మిన మనిషి. సూటు పొట్ట మీద రెండు మోకాళ్ళూ వేసి, "ఇంత నొక్కుతున్నా పోవేం?" అని గాలిని గదమాయిస్తోంది.

గోడ మీంచి తొంగిచూసిన పొరుగావిడకి గుండె జారింది. నల్లగా ఉబ్బిన మనిషి, మొహం మీద తువ్వాలు! అల్లుడు నీళ్ళు మింగాడనుకుని రక్షణ దళానికి ఫోను కొట్టి, దారినపోయే ఇస్త్రీ అతన్ని లాక్కుని పరుగున వచ్చింది.

"పోయిందా పిన్నీ?" అంది రొప్పుతూ.

"ఇంకా పోలేదే తల్లీ! మీరూ ఓ చెయ్యి వెయ్యండి, గట్టిగా నొక్కాలి."

ఇక చూసుకోండి. ఇస్త్రీ అతను వృత్తిధర్మం మరవకుండా రెండు చేతులా నొక్కాడు. పొరుగావిడ కాళ్ళ మీద కూలబడింది. అంతలో దూసుకొచ్చిన దళం పెద్దాయన "జరగండి!" అని ఛాతీ మీద ఒళ్ళంతా మోపాడు.

సబ్బుతో తిరిగొచ్చిన అల్లుడు ఆ గుంపును చూసి బెదిరిపోయాడు. "ఎవరు పోయారండీ?"

"నువ్వే నాయనా!" అని ఏడుస్తూ తలెత్తిన పొరుగావిడ, అతన్ని చూసి అక్కడే వాలిపోయింది.

పెద్దాయన తువ్వాలు లాగాడు. లోపల బంతి. రేపు పరీక్ష పెట్టేది ఆయనే. అల్లుడు సబ్బు వీపు వెనక దాచుకున్నాడు. "చవకది సార్... చిల్లుందేమోనని చూస్తున్నాం."

పెద్దాయన మిగతా సగానికీ సబ్బునీళ్ళు పూయించి, వంగి సూటంతా వెతికాడు. ఒక్క బుడగ లేదు. "నలుగురం ఎక్కి తొక్కినా గాలి పోలేదు. మా దళం సూట్లకి కూడా ఇంత పరీక్ష జరగలేదయ్యా. రేపు ఇదే వేసుకురా."

"నే చెప్పలా, బట్టల సంగతి నాకొదిలెయ్యమని?" అంది అత్తగారు మోకాళ్ళు దులుపుకుంటూ.

మర్నాడు అల్లుడు చుక్క తడవకుండా పరీక్ష నెగ్గాడు. పొరుగావిడ మాత్రం ఈరోజుకీ అతను ఎదురైతే, పలకరించేముందు ఓసారి గిల్లి చూస్తుంది.