తొమ్మిదిన్నర దగ్గర నేను లేను

ఆల్జీబ్రాను తిట్టుకుంటూ పెరిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు మాత్రం బల్లగుద్ది చెబుతున్నాను: పీస్‌వైజ్ ఫంక్షన్‌ను మించిన వరం మానవజాతికి దక్కలేదు!

అదేమిటంటారా? ఒకటే ఫంక్షన్, ముక్కకో రూలు. లోపలికి వెళ్లే అంకె ఏ ముక్కలో పడితే ఆ ముక్క రూలే దానికి వర్తిస్తుంది. సంసారాలు నిలబడుతున్నది దీనిమీదే కదా! మా ఆవిడకు కాఫీ తాగకముందు ఒక రూలు, తాగాక ఇంకోటి. మా మామగారికి పక్కింటి గుసగుసలు గోడ అవతలనుంచి వినిపిస్తాయి. గిన్నెలు కడగమంటే మాత్రం చెవుడు!

నేను రికార్డుల సెక్షన్‌లో గుమాస్తాను. పోయిన నెల మా ఆఫీసులో సర్క్యులర్ అంటించారు. తొమ్మిదిన్నరకు ముందు మెషీన్‌లో వేలు పెడితే పూర్తి హాజరు, తర్వాత పెడితే సగం. ఎంత స్పష్టత! చదివి మురిసిపోయాను.

మంగళవారం లిఫ్ట్ చెడిపోయింది. నాలుగంతస్తులు ఎక్కి, రొప్పుతూ వేలు పెట్టాను. సరిగ్గా తొమ్మిదిన్నర! సెకను అటూ ఇటూ కాలేదు. మెషీన్ కీచుమని అరిచి ‘నమోదు లేదు’ అంది. ఆ రోజంతా ఫైళ్ల దుమ్ము మింగాను. అయినా నేను ఆఫీసుకే రాలేదు!

ఇంటికొచ్చి, కాలేజీలో లెక్కలు చదివే మా అమ్మాయి దగ్గర మొరపెట్టుకున్నాను. అది గ్రాఫ్ పేపరు తీసి, అడ్డంగా టైము, నిలువుగా హాజరు వేసింది. తొమ్మిదిన్నరకు ఎడమ పక్క పైన ఒక గీత, కుడి పక్క సగం ఎత్తులో ఇంకో గీత. తొమ్మిదిన్నర దగ్గర రెండింటి కొసలకూ ఖాళీ సున్నాలు చుట్టింది.

“ఒక్కదాన్నైనా నింపవేమే?”

“నింపాలంటే రూల్లో ‘సరిగ్గా తొమ్మిదిన్నరకి’ అని కూడా ఉండాలి నాన్నా. ముందు అన్నారు, తర్వాత అన్నారు, అంతే. అక్కడ నువ్వు లేవు.”

“మరి రొప్పిందెవరే?”

“అది గ్రాఫ్‌లో రాదు.”

మర్నాడు ఆ కాగితం పట్టుకుని ఆఫీసరుగారి గది ముందు నిలబడ్డాను. ఆయన పదకొండింటికి వచ్చారు. కళ్లజోడు సవరించుకుని చూశారు.

“ఇన్నాళ్లూ ఈ చుక్క ఎవరికీ కనపడలేదేంటయ్యా?”

“అందరూ గీతల మీద పడ్డారు సార్. చుక్క మీద పడింది నేనొక్కణ్ణే.”

రెండు రోజుల్లో కొత్త సర్క్యులర్ వచ్చింది. తొమ్మిదిన్నరకైనా, ముందైనా పూర్తి హాజరు. తర్వాత సగం. చుక్క నిండింది! నేను మనిషినయ్యాను! కింద మూడో లైను కూడా ఉంది: ఆఫీసరుగారు ఎప్పుడొచ్చినా పూర్తి.

అదీ గీయమని మా అమ్మాయికిచ్చాను. పెన్సిల్ పక్కన పెట్టేసింది.

“పదకొండింటికి వస్తే నీకు సగం, ఆయనకి పూర్తి. ఒకే టైముకి రెండు జవాబులొస్తే అది ఫంక్షనే కాదు నాన్నా!”

పిల్లదానికి లోకం తెలియదు. ఫంక్షన్ కాకపోతే, మా ఆఫీసరుగారి గదిలో రోజూ టీలు, బజ్జీలతో జరుగుతున్నదేమిటండీ?