మిథ్యాస్వామి

శనివారం పొద్దున్నే స్నానం, పూజ ముగించుకున్న అనంతపద్మనాభం, వీధి చివరి పార్కులో పిల్లల రంగులరాట్నం ఎక్కి పాఠం చెప్పాలనుకున్నాడు. ఆయన విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. కాలేజీ యజమాని నరసింగరావు ముందురోజే తేల్చి చెప్పేశాడు. "వృత్తాకార చలనం మీద వీడియో చేసి పంపండి మాస్టారూ. మా అమ్మకి కూడా అర్థమవాలి. అవకపోతే సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు."

"ప్యాంటు వేసుకోండి" అంది భార్య రాజ్యలక్ష్మి.

"ఎండెక్కితే వీడియో బాగా రాదు. పద."

అలా పట్టుపంచె, ఉత్తరీయం, నుదుట విభూతితోనే రాట్నమెక్కి కూర్చున్నాడు. రాజ్యలక్ష్మి ఒక్క తోపు తోసి, పక్కకు జరిగి ఫోను పట్టుకుంది.

"పిల్లలూ, నన్నెవరో బయటికి తోస్తున్నట్టుంది. ఎవరూ తోయడం లేదు. అది మిథ్యాబలం. లోపలికి లాగేదొక్కటే నిజం. ఈ కమ్మీ వదిలేశానంటే స్పర్శరేఖ వెంట తిన్నగా పోతాను."

ఆకుకూరలమ్మే తవిటమ్మ నెత్తిమీది గంప దించింది. "ఏటమ్మా, బాబు ఏటి సెప్తన్నారు?"

"బయటికి తోసేది మిథ్యట. లోపలికి లాగేదే నిజమట" అంది రాజ్యలక్ష్మి, ఫోను మీంచి చూపు తిప్పకుండా.

"నిజమే తల్లీ. మా ఇంటాయన్ని లోపలికి లాగేదే లేదు, ఎప్పుడూ బజార్నే ఉంతాడు." తవిటమ్మ రాట్నాన్ని కళ్లకద్దుకుని తనూ ఒక తోపు తోసింది.

నడకకొచ్చినవాళ్లు ఆగి, ఏ స్వామి అని అడిగారు. "మిథ్యాస్వామట" అంది తవిటమ్మ, తనకు తెలిసినంతలో. కాసేపట్లో జనం వరస కట్టారు. రథం లాగినంత పుణ్యమని ఎవరో అన్నారు. తలా ఒక తోపు. ఒకరి తోపు తగ్గితే తర్వాతివారు సరిచేస్తున్నారు. ప్రయోగశాలలో ఆయన ఏనాడూ సాధించలేని సమవేగం భక్తివల్ల సాధ్యమైంది.

"ఆపండి" అని ఆయన అరచెయ్యి ఎత్తాడు. అందరూ వంగి దండం పెట్టారు.

"కడుపులో తిప్పుతోంది."

"లోకమంతా కడుపులోనే తిరుగుతున్నాదట" అని ఒకామె పక్కావిడకు విడమరిచింది.

రాజ్యలక్ష్మి అడ్డం వెళ్లింది. "ఆపండమ్మా, ఇది పాఠం."

"పాఠమే కదమ్మా. ఇననీ."

అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. నడకకొచ్చిన తల్లిని తీసుకెళ్లడానికి నరసింగరావు దిగాడు. యజమాని కనపడగానే అనంతపద్మనాభం అలవాటుగా రెండు చేతులూ జోడించాడు. చెప్పినట్టే, స్పర్శరేఖ వెంట తిన్నగా వెళ్లి తవిటమ్మ గంపలో తోటకూర మీద కూర్చున్నాడు.

"ఏటి మాస్టారూ ఇది? పాఠం చెప్పమంటే బాబా అవతారం ఎత్తారా? సోమవారం నుంచి ఇంక..."

"ఒరే నర్సింగా, ఆయన్నేటీ అనకు." వరసలోంచి అతని తల్లి జగ్గమ్మ బయటికొచ్చింది. "నాకు తెలిసిపోనాదిరా. బయటికి తోసేదంతా ఉత్తిదే. లోపలికి లాగేదే నిజం. సెయ్యి వదిలేస్తే తిన్నగా ఎల్లిపోతాం. కళ్లారా సూశాను."

నరసింగరావు తల్లికి పాఠం అర్థమైపోయింది. సిలబస్‌లో ఉన్నదీ అంతే.

"సోమవారం పెందరాళే రండి మాస్టారూ" అన్నాడు.

ఇంటికొచ్చి అనంతపద్మనాభం మంచంపట్టె రెండు చేతులా పట్టుకుని పడుకున్నాడు. రాజ్యలక్ష్మి, ఆయన కూర్చున్న తోటకూరంతా కొనక తప్పక, ముందు పోసుకుని ఏరుతోంది.

"లక్ష్మీ, ఇల్లు తిరుగుతోంది."

"మిథ్యండీ. మజ్జిగ తాగండి" అంది.