వెర్నా అవసరాల పట్టిక

ఆ ఉదయం వెర్నా మూడు పనులు అనుకుంది: టీ తాగాలి, లాయరు పంపిన కాగితం మీద సంతకం పెట్టాలి, కిటికీ దగ్గర కూర్చుని ఊదారంగు జకరండా పూలు రాలుతుంటే చూడాలి. మూడోది ముందు మొదలుపెట్టేసరికి టీ చల్లారిపోయింది.

వెర్నా పదకొండేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న మేనత్త డల్సీ, పోతూ పోతూ ఇల్లు కాస్తా తాను రోజూ బంతులు దొర్లించిన బౌల్స్ క్లబ్బుకి రాసేసింది. గ్రాఫ్టన్ ఊళ్లో క్లబ్బు మీద ప్రేమ అలాంటిది. వెర్నాకి మాత్రం నిలువనీడ పోతోంది. ఆ ఇంట్లో పోయినావిడ మీద ఆధారపడి బతికినవాళ్లు కోర్టులో వాటా అడగొచ్చని లాయరు ప్రెంటిస్ ధైర్యం చెప్పాడు.

"అవసరాలు చూపించాలి మేడమ్. ఎంత దీనంగా ఉంటే అంత మంచిది."

కప్పు కారుతోందనీ, ఫ్రిజ్ చచ్చిందనీ, ముందుపళ్లు రెండు ఊడాయనీ పట్టిక రాయించాడు. నిజాలే.

పద్ధతి ప్రకారం దాని ప్రతి ఒకటి క్లబ్బుకీ వెళ్లింది. శుక్రవారాల్లో గెలిచినవాళ్లకి మాంసం పళ్లెం ఇచ్చే లాటరీకి ముందు అధ్యక్షుడు క్లారీ దాన్ని సభ్యులకి చదివి వినిపించాడు. కోపాలు రావలసిన చోట అందరూ ముక్కులు చీదారు.

"మన డల్సీ మేనకోడలు ఇన్ని ఇక్కట్లు పడుతుంటే మనం బంతులు దొర్లించుకుంటున్నామా!"

మర్నాడే క్లారీతో కలిపి పన్నెండుమంది ముసలివాళ్లు నిచ్చెనలతో వెర్నా ఇంటికి దిగారు.

"ఎక్కకు క్లారీ బాబాయ్! నీ క్లబ్బు మీదే కేసేశాను!"

"కేసు దారి కేసుది. ఆ మేకులు ఇలా అందుకో."

ఆ వారమే ఫ్రిజ్ వచ్చింది. లాటరీలో ఎవరు గెలిచినా మాంసం పళ్లెం వెర్నా గుమ్మంలోకే వచ్చేది. సభ్యుల్లో ఒకాయన పూర్వం పళ్ల డాక్టరు. పళ్లు కట్టించేదాకా ఊరుకోలేదు.

"ఇవాళ గొర్రె తొడ వచ్చిందండీ," అని వెర్నా లాయరుకి ఫోన్ చేసింది.

"తినకండి! మీ అవసరం తగ్గిపోతోంది!"

అప్పటికే సగం అయిపోయింది. ఊదారంగు వెలుతురులో, కొత్త కప్పు కింద, కొత్త పళ్లతో తింటుంటే ఆమెకు కేసు ఎవరిదో వేరేవాళ్లదిలా తోచింది.

రాజీ సమావేశంలో క్లబ్బు లాయరు పట్టిక చదివి, "ఇందులోవన్నీ తీరాయిగా, ఈవిడకింకేం లోటు?" అన్నాడు. ప్రెంటిస్ కాగితాలు తిరగేయసాగాడు.

వెర్నాయే నోరు విప్పింది. "నాకా ఇల్లు కావాలండీ. పొద్దున్నే వంటగదిలో వెలుతురు పడుతుంది చూడండి, అందులో నడుస్తుంటే అత్త పక్కగదిలోనే ఉన్నట్టుంటుంది. అది పోతే నేనెక్కడున్నా పరాయిదాన్నే."

క్లారీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన కళ్లు తడిశాయి.

"పిచ్చిపిల్లా! కప్పని రాశావు, వేశాం. పళ్లని రాశావు, పెట్టించాం. ఇల్లని ఒక్క ముక్క రాసుంటే అదీ ఇచ్చేవాళ్లం కదే!" వెనక్కి తిరిగి తనతో వచ్చిన సభ్యులని అడిగాడు, "ఏమంటారు?" పదకొండు చేతులూ లేచాయి. బతికున్నన్నాళ్లూ ఇల్లు వెర్నాదేనని అక్కడికక్కడే రాసుకున్నారు.

పట్టిక మొదటి చిత్తుప్రతిలో ఇల్లు కావాలన్న ముక్క ఉంది. కేసుకి పనికిరాదని ప్రెంటిసే కొట్టేశాడు.