చట్టం వడ్డించిన శాండ్‌విచ్

"న్యూయార్కులో ఆదివారం తాగుడు ఇక గత చరిత్ర" అని సెనేటర్ లైసాండర్ విట్‌కోంబ్ గారు పత్రికల వారిని పిలిచి మరీ ప్రకటించారు. అంత గొప్ప మాట వినేసరికి విలేకరుల గొంతులు ఆరిపోయాయి.

సెనేటర్ గారు సంఘసంస్కరణ కోసం పుట్టిన మనిషి. ఒక్కరోజే రెండు చట్టాలు తెచ్చారు. మొదటిది: ఆదివారం నాడు హోటల్లో తప్ప, అదీ భోజనం వడ్డించి తప్ప, ఎవరికీ చుక్క పొయ్యకూడదు. రెండోది: బీరు కొన్నవాడికి ఊరికే తిండి పెట్టే పాడలవాటు మానెయ్యాలి. ఆ తిండికి ఆశపడే పేదవాళ్ళు తాగుడు మరుగుతున్నారట. తిండి పెట్టందే పొయ్యొద్దని ఒక చట్టం, పోసినవాడికి తిండి పెట్టొద్దని ఇంకో చట్టం. ఇంత సమతూకంగా ఆలోచించే బుర్ర దొరకడం ప్రజల అదృష్టం.

ఈ అదృష్టం సంగతి ఒండ్రెయ్‌కి తెలీదు. అతను స్లోవాక్ కూలీ. పెన్సిల్వేనియాలో బొగ్గుగని మూసేస్తే రేవు పనికోసం న్యూయార్కు తిరిగొచ్చాడు. శుక్రవారం నుంచి కడుపులో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. రేవు పక్కన డోనిగన్ బీరు దుకాణంలో ఒక్క గ్లాసు కొంటే చాలు, ఉడికించిన గుడ్లు, చిక్కుడు గింజలు, రొట్టె, మాంసం కడుపునిండా తినొచ్చని అతనికి గుర్తుంది. జేబులో ఒక్క గ్లాసుకు సరిపడా నాణెం ఉంది. ఆదివారం మధ్యాహ్నం కాళ్ళీడ్చుకుంటూ అక్కడికి చేరాడు.

దుకాణం మీద 'డోనిగన్ గ్రాండ్ హోటల్' అని కొత్త బోర్డు. మేడ మీద చెక్కలు అడ్డంపెట్టి, హోటల్ అనిపించుకోడానికి చట్టం అడిగిన పది గదులూ కట్టించేశాడు డోనిగన్. ఆ గదుల్లో ఎవరూ గంటకి మించి బస చెయ్యరు. న్యూయార్కు వాళ్ళకి తీరిక తక్కువ.

లోపల తిండి బల్ల మాయమైంది. ఒండ్రెయ్ ప్రాణం ఉసూరుమంది. అయినా గ్లాసు కొన్నాడు. గ్లాసుతోపాటు డోనిగన్ అతని ముందు పళ్లెంలో శాండ్‌విచ్ పెట్టాడు! ఒండ్రెయ్ శిలువ గుర్తు వేసుకుని చెయ్యి చాచేలోపే పళ్లెం లేచి పక్క బల్ల మీదికి వెళ్ళిపోయింది.

"అయ్యా, అది నాది కదా!"

"నీదే. నువ్వు భోంచేశావు, ఇప్పుడు ఆయన భోంచేస్తున్నాడు."

"నేను తినలేదయ్యా!"

"వడ్డించమంది చట్టం. తినమని ఎక్కడుందిరా? పొద్దుట్నుంచీ ఊరంతా దాంతోనే భోంచేసింది. ఒక్కడైనా కంప్లయింట్ ఇచ్చాడా?"

పక్కనున్న ముసలి నావికుడు ఒండ్రెయ్ భుజం తట్టాడు. "ఆ శాండ్‌విచ్‌ని నేను ఈస్టర్ నుంచీ ఎరుగుదును బాబూ. బహు మంచిది. ఎవరి జోలికీ పోదు."

ఆకలితో కళ్ళు తిరుగుతున్నవాడి ముందు పళ్లెం పెట్టి లాక్కోవడం కంటే చెంపదెబ్బ నయం. ఒండ్రెయ్ కళ్ళు పళ్లెం వెంటే తిరుగుతున్నాయి.

అంతలో సెనేటర్ గారు విలేకరుల్నీ, గారిటీ అనే పోలీసునీ వెంటేసుకుని విజయం చూపించడానికి వచ్చారు.

"ఏం తాగుతారు సెనేటర్ గారూ?" అన్నాడు డోనిగన్.

"తాగడమా! నేను భోజనానికి వచ్చానయ్యా. భోజనంలోకి కాస్త విస్కీ ఇయ్యి."

శాండ్‌విచ్ ఆయన ముందుకు వచ్చింది. పెంచి పెద్దచేసిన కొడుకుని చూసినట్టు చూశారు. ఆ తర్వాత గ్లాసెత్తి, "ఈ నగరంలో ఇవాళ ఆకలితో తాగేవాడు ఒక్కడూ లేడు!" అన్నారు. చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్ల మధ్య ఒండ్రెయ్ వంగి శాండ్‌విచ్ తీసుకుని తినేశాడు. అది చెక్కలా ఉంది. కళ్ళు మూసుకుని నమిలి మింగేశాడు.

"అయ్యో! తినేశాడు!" అని ఇంట్లో శవం లేచినట్టు అరిచాడు డోనిగన్.

భోజనం పోయింది కాబట్టి గదిలో ఉన్న ప్రతి గ్లాసూ నేరమే. సెనేటర్ గారి గ్లాసు ఇంకా గాల్లోనే ఉంది.

"ఇంకోటి తేవయ్యా!" అన్నారాయన.

"ఎక్కణ్ణుంచి తేను సార్? పదో గదికి చోటు చాలక వంటిల్లు పీకేశాను."

సెనేటర్ గారు గారిటీ వైపు చూశారు. గారిటీ పోలీసు ఉద్యోగంలో పండిపోయినవాడు. ఆ చూపు అర్థమై, ఒండ్రెయ్ రెక్క పట్టుకున్నాడు.

"ఏ నేరం కింద సార్?"

"వాడి గ్లాసు పక్కన భోజనం ఏదీ?"

"వాడి కడుపులో ఉంది సార్."

"కడుపులో ఉన్నది సాక్ష్యానికి పనికిరాదు."

"మరి తమరి భోజనం?"

"వాడు దొంగిలించాడు. నేను బాధితుణ్ణి" అని సెనేటర్ గారు ఆ దుఃఖంలోనే విస్కీ పూర్తిచేశారు.

'సెనేటర్ నోటిముందు కూడు లాక్కున్న విదేశీ తాగుబోతు' అని సోమవారం పత్రికలన్నీ రాశాయి.

ఆ పొద్దున్నే ఠాణాలో గారిటీ ఒండ్రెయ్ ముందు పళ్లెం పెట్టాడు. వేడి వేడి చిక్కుడు గింజల పులుసు, పక్కన మెత్తటి రొట్టె. ఒండ్రెయ్ కడుపు పట్టుకుని దాన్ని చూశాడు. ఎంత చూసినా చెయ్యి మాత్రం చాచలేదు.

"తినవేంరా?"

"ముందు చెప్పండయ్యా. ఇది తినే రొట్టా, చట్టం రొట్టా?"

గారిటీ బుర్ర గోక్కున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత చిక్కు ప్రశ్న ఎవడూ అడగలేదు.

"ఉండు, పైవాళ్ళని అడిగొస్తా" అని బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ పళ్లెం కూడా పట్టుకెళ్ళాడు.